డేనియల్ లాన్వా ‘ఆకాడీ’ ఎందుకు అతుకులబొంత కాదు

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. నాకర్థమైనంతవరకు మీరంటున్నది ఇది: ఐర్లండ్ రాక్ బ్యాండ్ యూటూకి, అమెరికన్ గాయకుడు బాబ్ డిలన్‌కి ఆల్బమ్‌లు చేసిపెట్టిన డేనియల్ లాన్వా 1989లో తన సొంత పేరుతో ‘ఆకాడీ’ అని ఒకటి వేశాడు, అందరూ గొప్పదంటున్నారు, మీరు విన్నారు, ఒక పాటేమో ఫ్రెంచిలో పల్లెపాటలా ఉంది, ఇంకోటేమో చర్చి పాట, మధ్యలో మాటల్లేని సంగీతం, మొత్తానికి చప్పగా అనిపించింది, ఇది ఫోకా (జానపదమా), యాంబియెంటా (బాణీ కన్నా చుట్టూ కమ్ముకునే ధ్వనికి పెద్దపీట వేసే సంగీతమా), లేక చేతికి దొరికినవన్నీ కలిపేశాడా, అసలు ఎక్కడ మొదలుపెట్టి వినాలి అని.

ముప్పై ఏళ్ళుగా హైదరాబాద్‌లో రికార్డింగ్ స్టూడియో కన్సోల్ వెనక కూర్చుని బతుకుతున్నవాణ్ణి. ఈ ఆల్బమ్ నా చేతికొచ్చింది తొంభైలలో, విదేశం నుంచి వచ్చిన ఒక స్నేహితుడు తెచ్చిన కాపీ క్యాసెట్ రూపంలో, పాటల పేర్లు కూడా సగమే రాసి ఉన్నాయి దాని మీద. నాకూ మొదట మీలాగే అనిపించింది. కాబట్టి సిగ్గుపడాల్సిన పని లేదు.

ముందు ఒక మాట గురించి. మన దగ్గర నిర్మాత అంటే డబ్బు పెట్టేవాడు. రికార్డ్ ప్రొడ్యూసర్ అలా కాదు, మన సంగీత దర్శకుడిలా బాణీ కట్టేవాడు కూడా కానక్కర్లేదు. పాట వేరేవాళ్ళది, గొంతు వేరేవాళ్ళది. ఎవరు ఎక్కడ కూర్చుని వాయించాలి, ఏ టేక్ ఉంచాలి, ఈ చరణం ఎక్కువైంది తీసెయ్, ఆ గిటార్ వద్దు, గొంతు మీద ఎంత గాలి ఉండాలి, ఇవన్నీ తేల్చేది అతను. లాన్వా ఈ పనిలో ఎంత పెద్దవాడంటే, యూటూ ‘ద జాషువా ట్రీ’ యాంబియెంట్ సంగీతానికి పేరుపడ్డ ఇంగ్లీషు సంగీతకారుడు బ్రయన్ ఈనోతో కలిసి చేసింది ఆయనే, ఇంగ్లీషు గాయకుడు పీటర్ గేబ్రియల్ ‘సో’ ఆయనదే, తర్వాత అమెరికన్ గాయని ఎమీలూ హారిస్ ‘రెకింగ్ బాల్’, డిలన్ ‘టైమ్ అవుట్ ఆఫ్ మైండ్’ కూడా. జాషువా ట్రీకి, టైమ్ అవుట్ ఆఫ్ మైండ్‌కి రెండింటికీ ఆ ఏటి ఉత్తమ ఆల్బమ్ గ్రామీ వచ్చింది. అలాంటివాడు మైకు ముందుకొచ్చి తనే పాడితే జనం ఏం ఆశిస్తారు? హంగామా ఆశిస్తారు. ఆయన మెల్లగా, దాదాపు గొణుగుతున్నట్టు పాడాడు. మీకు చప్పగా అనిపించడానికి సగం కారణం ఇదే అనుకుంటాను.

ఇక అసలు విషయం. ఆ పేరు చూడండి. ఆకాడీ అంటే ఇప్పటి కెనడా తూర్పు తీరంలో, నోవా స్కోషియా, దాని చుట్టుపక్కల, ఫ్రెంచివాళ్ళు కట్టుకున్న వలస ప్రాంతం. 1755లో బ్రిటిష్‌వాళ్ళు అక్కడి జనాన్ని ఊళ్ళకు ఊళ్ళు ఖాళీ చేయించి ఓడలెక్కించడం మొదలుపెట్టారు, కొన్నేళ్ళ పాటు సాగింది, పదివేల మందికి పైగా కొంపా గోడూ వదిలి పోవాల్సి వచ్చింది. దారిలోనే పోయినవాళ్ళు పోగా, మిగిలినవాళ్ళలో కొందరు తిరిగీ తిరిగీ అమెరికా దక్షిణాన లూయిసియానాకి చేరారు. ఇప్పుడు మనం కేజన్ అని వినే మాట ఆకాడియన్ అన్న మాట అరిగి అరిగి తయారైందే. కేజన్ సంగీతం అంటే వాళ్ళదే, ఫిడేలూ అకార్డియనూ ఫ్రెంచి మాటలూ.

లాన్వా పుట్టింది ఆ ఆకాడీ ప్రాంతంలో కాదు, 1951లో క్యూబెక్‌లోని హల్ అనే ఊళ్ళో, అంటే ఒట్టావాకి నది అవతలి ఒడ్డున. ఇంట్లో ఫ్రెంచి, తండ్రీ తాతా ఫిడేలు వాయించేవాళ్ళు. అమ్మానాన్నలు విడిపోయాక తల్లి పిల్లల్ని తీసుకుని ఇంగ్లీషువాళ్ళ ఆంటారియోకి, హామిల్టన్ పక్కకి వచ్చేసింది. ఆ ఇంటి నేలమాళిగలోనే ఆయనా, అన్న బాబ్ కలిసి మొదటి స్టూడియో పెట్టుకున్నారు, అమ్మ బట్టలుతుక్కునే చోటు పక్కన అనుకోండి. పిల్లల పాటలు పాడే రాఫీ అనే ఆయన 1976 ఆల్బమ్ ఆ నేలమాళిగలోనే రికార్డయింది. తర్వాత హామిల్టన్‌లో గ్రాంట్ ఎవెన్యూ స్టూడియో, అక్కడికి బ్రయన్ ఈనో రావడం, అక్కణ్ణుంచి ప్రపంచం. ఎనభైల చివర్లో ఆయన న్యూ ఓర్లీన్స్‌లో మకాం పెట్టి ఒకే ఏడాదిలో మూడు ఆల్బమ్‌లు బయటికి తెచ్చాడు: ఆ ఊరి అన్నదమ్ముల బ్యాండ్ నెవిల్ బ్రదర్స్ ‘యెల్లో మూన్’, డిలన్ ‘ఓ మెర్సీ’, ఆ పైన తన ఆకాడీ.

ఇప్పుడు మ్యాపు తీసి చూడండి. క్యూబెక్ నుంచి ఆంటారియో, అక్కణ్ణుంచి లూయిసియానా. ఫ్రెంచి మాట్లాడే ఇంట్లో పుట్టి, ఇంగ్లీషు ఊళ్ళో పెరిగి, రెండు వందల ఏళ్ళ కిందట తన భాషవాళ్ళు తరిమేయబడి చేరిన చోటికి తను పని కోసం చేరాడు. మీరు కలగాపులగం అంటున్నది ఆ ప్రయాణం. ఫోకూ, యాంబియెంటూ, గాస్పెలూ (నల్లజాతి చర్చిల భక్తిపాట) ఆయన షాపులో ఏరుకొచ్చినవి కావు. ఫోక్ పుట్టింటి నుంచి వచ్చింది, యాంబియెంట్ ఈనోతో హామిల్టన్‌లో చేసిన ఏళ్ళ నుంచి వచ్చింది, గాస్పెల్, న్యూ ఓర్లీన్స్ తాళం ఆ రోజు పక్క గదిలో కూర్చున్న మనుషుల నుంచి వచ్చాయి. నెవిల్ సోదరులు ఆ రికార్డులో ఉన్నారు, యూటూ నుంచి ఆడమ్ క్లేటన్, ల్యారీ మల్లెన్ ఉన్నారు, ఈనో ఉన్నాడు, వాద్యకారుడు మాల్కమ్ బర్న్ ఉన్నాడు. చుట్టూ ఎవరుంటే వాళ్ళతో చేసిన పని అది.

పాటల దగ్గరికొస్తే, మీరు ‘ఓ మారీ’తో మొదలుపెట్టండి. మొత్తం ఫ్రెంచి. అర్థం కాకపోయినా ఫరవాలేదు, విషయం నేను చెప్తాను: పొగాకు తోటల్లో కూలికి వెళ్ళినవాళ్ళ పాట. క్యూబెక్ కుర్రాళ్ళు సీజనులో దక్షిణ ఆంటారియోకి పొగాకు కోయడానికి వెళ్ళేవాళ్ళు. అక్కడ పండేది మన ప్రకాశం జిల్లాలో పండే వర్జీనియా రకమే, బ్యారన్‌లో పెట్టి కాల్చేదే. మా అమ్మ పుట్టిల్లు కందుకూరు వైపు. ఆకు రెలుపులకు వేరే ఊళ్ళ నుంచి ముఠాలు దిగడం, బ్యారన్ పక్కనే పాక వేసుకుని పడుకోవడం, చేతులకు అంటుకునే ఆ నల్లటి జిగురు సబ్బుతో రుద్దినా పోకపోవడం చిన్నప్పుడు చూశాను. కాబట్టి ఈ పాట సంగతి తెలిసిన రోజు నాకేమీ కెనడా పాటలా అనిపించలేదు, రాత్రి పూట పాక దగ్గర ఎవరో ఇంటి మీద బెంగ పెట్టుకుని పాడుకుంటున్నట్టే ఉంది. మీకు పొగాకుతో సంబంధం లేకపోతే పాలమూరు నుంచో శ్రీకాకుళం నుంచో ఊరు విడిచి వెళ్ళే బళ్ళనో రైళ్ళనో ఊహించుకోండి, ఆ దిగులు అదే.

దాని తర్వాత ‘జోలీ లూయీజ్’. ఇదే ఈ ఆల్బమ్‌లో చాలామందికి ఎక్కే పాట. సగం ఫ్రెంచి, సగం ఇంగ్లీషు, ఒకే వాక్యంలో రెండూ. మిల్లులో పనిచేసే ఒకడు, పెళ్ళాన్ని బాగా ప్రేమించినవాడు, పని పోతుంది, తాగుడు పట్టుకుంటుంది, చివరికి పెళ్ళాం పిల్లలు దూరమైపోతారు. కథ ఇంతే. కానీ బాణీ మాత్రం గెంతుతూ పోతుంది, పెళ్ళిలో పాడుకునే పాటలా. ఆ విరుద్ధమే దాని బలం. మన జానపదంలో ఇది కొత్త కాదు కదా, నాట్లు వేసేప్పుడు, దంచేప్పుడు పాడే పాటల్లో ఊపు చూసి మురిసిపోతాం, మాటలు పట్టించుకుంటే అత్త పెట్టే బాధలో, అప్పులవాడి గొడవో ఉంటుంది. లాన్వా తల్లిదండ్రుల సంగతి ఇందాక చెప్పాను, అది మనసులో పెట్టుకుని వింటే ఈ పాట ఇంకోలా వినిపిస్తుంది, అలాగని ఇది ఆయన తండ్రి కథే అని నేననను.

ఇలా రెండు భాషలు కలపడం గిమ్మిక్కు అనేవాళ్ళున్నారు. ఒప్పుకోను. ఒట్టావా చుట్టుపక్కల ఫ్రెంచి కూలివాడు అలాగే మాట్లాడతాడు. మన హైదరాబాద్‌లో ఆటో నడిపే అతను తెలుగులో మొదలుపెట్టి ఉర్దూలో ముగిస్తే గిమ్మిక్కు అంటామా?

‘ద మేకర్’ ఈ ఆల్బమ్‌లో పెద్దపాట. దీన్ని తర్వాత అమెరికన్ కంట్రీ గాయకుడు విల్లీ నెల్సన్ పాడాడు, ఎమీలూ హారిస్ పాడింది, జెర్రీ గార్సియా బ్యాండ్, డేవ్ మాథ్యూస్ బ్యాండ్ వాయించాయి, ఇంతమంది తమదనుకున్న పాట. దీన్ని వినేటప్పుడు మాటల్ని కాసేపు వదిలేసి కింద బేస్ గిటార్ ఏం చేస్తోందో వినండి. అదే మెలిక, మళ్ళీ అదే మెలిక, వదలదు. లోతైన నల్లని నీళ్ళు, తప్పు చేసినవాడు దేవుడి ముందుకి వెళ్ళడానికి జంకడం, ఇలా బైబిల్ వాసన ఉన్న మాటలు పైన, కింద ఈ తిరగలి. దాని పైన ఆరన్ నెవిల్ సన్నటి గొంతు వంతపాటగా లేస్తుంది, లాన్వా బొంగురు గొంతుకీ ఆ గొంతుకీ పోలికే లేదు, అందుకే అతికింది.

ఇక్కడ ఒక విషయం, వృత్తిలో ఉన్నవాడిగా చెప్తున్నాను. మీరు యాంబియెంట్ అంటున్నది చాలామంది పాట అయిపోయాక పైన చల్లే కొత్తిమీర అనుకుంటారు. మా స్టూడియోల్లోనూ అదే జరుగుతుంది: గొంతు పొడిగా రికార్డు చేసుకుని, మిక్స్‌లో కూర్చుని రివర్బ్ (పెద్ద గదిలో పాడినట్టుండే మారుమోత) కలుపుతాం, కీబోర్డులో ఒక ప్యాడ్ (సాగుతూ ఉండే మెత్తటి ధ్వని) నొక్కి పట్టుకుంటాం, ఫీల్ వచ్చేసిందంటాం. లాన్వా, ఈనో పని అలా ఉండదు. వాయించేప్పుడే ఆ ధ్వనిని డిలేల్లోకి, ఎకోల్లోకి (ధ్వనిని కాసేపాగి మళ్ళీ వినిపించే పరికరాల్లోకి) పంపి, అక్కణ్ణుంచి తిరిగొచ్చినదాన్ని మళ్ళీ వాయిద్యంలా చేత్తో నడిపి, ఆ వచ్చిందాన్ని టేపు మీదే పట్టేస్తారు. అప్పుడు గిటార్ వాయించేవాడు ఆ ఎకోని వింటూ వాయిస్తాడు, దానికి చోటు వదులుతాడు. తంబూర శ్రుతి వింటూ పాడేవాడికీ, పాడేశాక కింద శ్రుతి అతికించినవాడికీ ఎంత తేడా ఉంటుందో అంత తేడా. వీరబ్రహ్మంగారి తత్వాలు పాడేవాళ్ళని దగ్గర్నుంచి విన్నవాళ్ళకి ఇది విడమరిచి చెప్పక్కర్లేదు, ఆ ఒక్క తీగ మోగుతున్నంతసేపు గొంతు దాని మీద ఆనుకుని ఉంటుంది, అది ఆగితే పాట కూలబడుతుంది.

ఇంకొకటి, ఆయన స్టూడియో అద్దాల గది పద్ధతి పెద్దగా ఇష్టపడడు. యూటూతో 1984లో ‘ది అన్‌ఫర్గెటబుల్ ఫైర్’ కోసం ఐర్లండ్‌లో స్లేన్ కోటలో పెట్టారు సరంజామా. విల్లీ నెల్సన్ ‘తియాత్రో’ అయితే కాలిఫోర్నియాలో ఆక్స్‌నార్డ్ అనే ఊళ్ళో మూతపడ్డ పాత సినిమా హాల్లో చేశాడు, ఆ పేరుకి అర్థం కూడా థియేటరే. న్యూ ఓర్లీన్స్‌లో ఒక పాత ఇంట్లో. మెషీన్లూ మనుషులూ ఒకే గదిలో, మధ్యలో గాజు గోడ లేదు. మన దగ్గర మూతపడ్డ టాకీసులు గోడౌన్లూ ఫంక్షన్ హాళ్ళూ అయిపోతున్నాయి, ఒక్కదాంట్లోనైనా ఎవరైనా నాలుగు మైకులు పెట్టి పాడించి చూస్తే బాగుండునని ఎప్పుడూ అనుకుంటుంటాను, సరే, అది వేరే గోల. ఈ పద్ధతి అందరికీ పడదు, డిలన్ తన ‘క్రానికల్స్’ పుస్తకంలో ఒక అధ్యాయమే రాశాడు ‘ఓ మెర్సీ’ రోజుల మీద, ఇద్దరికీ కుదరని సందర్భాలతో సహా.

నా సొంత తప్పు ఒకటి చెప్తే మీకు ఆకాడీ విలువ ఇంకా బాగా తెలుస్తుందేమో. రెండువేల తొలినాళ్ళలో ఒక క్యాసెట్ కంపెనీకి జముకుల కథ ఫ్యూజన్‌గా చేయాలని పని వచ్చింది. ఉత్తరాంధ్ర నుంచి బృందం వచ్చింది, ముందు పాడే ఆయనా, వంతలు ఇద్దరూ, చేతిలో జముకు. నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే ముగ్గురికీ హెడ్‌ఫోన్స్ పెట్టి, చెవిలో క్లిక్ (తాళం లెక్క తప్పకుండా కొట్టే టకటక) వేసి, ముగ్గుర్నీ మూడు చోట్ల కూర్చోబెట్టాను, లెక్క కుదరాలిగా, తర్వాత డ్రమ్స్ అతికించాలిగా. ఆ పెద్దాయన కథలో ఏడుపు ఘట్టం దగ్గర సాగదీస్తాడు, వంతవాళ్ళు ఆయన ముఖం చూసి అందుకుంటారు. ముఖం కనబడట్లేదు, క్లిక్ ఆగట్లేదు. మూడు టేకులయ్యాక ఆయన హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెట్టి, “బాబూ, ఈ టకటక నా చెవిలో ఉంటే కథ నాకే గుర్తు రావట్లేదు” అన్నాడు. మేం వినలేదు. ముక్కలు కోసి సరిచేసి, ప్యాడ్ వేసి, గిటార్ వేసి ఇచ్చేశాం. టైముకి డబ్బులొచ్చాయి. ఇప్పటికీ ఎక్కడైనా ఆ పాట వినబడితే లేచి వెళ్ళిపోతాను.

ఆకాడీలో ఫోక్ పాటని ఎవరూ క్లిక్‌కి కట్టెయ్యలేదు అనిపిస్తుంది విన్నప్పుడు. పాట ఊపిరి తీసుకునే చోట వెనకున్న ధ్వని కూడా ఊపిరి తీసుకుంటుంది. మీరు ఫ్యూజన్ ఆల్బమ్‌లు వినేటప్పుడు ఈ ఒక్క పరీక్ష పెట్టుకోండి, పాడేవాడు ఆగినప్పుడు మిగతావాళ్ళు ఏం చేస్తున్నారు అని. పట్టించుకోకుండా దరువేసుకుంటూ పోతే అది అతుకే.

‘అమేజింగ్ గ్రేస్’ మీకు నచ్చలేదన్నారు, చర్చి పాటని ఇంత చీకటిగా చేయడమేంటని. అది ఎవరు రాశారో తెలిస్తే చీకటి ఎందుకో తెలుస్తుంది. జాన్ న్యూటన్ అనే ఇంగ్లీషాయన రాసింది, 1779లో అచ్చయింది, ఆయన ఒకప్పుడు ఆఫ్రికా నుంచి బానిసలను తరలించే ఓడలకు కెప్టెన్. పాస్టర్ అయ్యాక రాసుకున్న పాట. ఆ బానిసల వారసులే తర్వాత దాన్ని తమ చర్చిల్లో గుండెలకు హత్తుకుని పాడుకున్నారు. దాన్ని ఇక్కడ పాడింది ఆరన్ నెవిల్, న్యూ ఓర్లీన్స్ నల్లజాతి కుటుంబం బిడ్డ. బానిసల సంతలు నడిచిన ఊరు అది. మనకు అలవాటైన తీరుని పక్కనపెట్టి, కింద నెమ్మదిగా కదిలే ధ్వని మీద ఆ గొంతు ఒంటరిగా తేలుతుంటే నాకైతే ఒళ్ళు జలదరిస్తుంది. ఓడల్లో తరిమేయబడ్డవాళ్ళ పేరు పెట్టుకున్న ఆల్బమ్ ఇంకో ఓడల కథ ఉన్న పాటతో ముగియడం ఆయన అనుకుని చేశాడో లేదో గానీ, నేను మాత్రం అలాగే వింటాను.

అన్నీ బ్రహ్మాండంగా ఉన్నాయని మాత్రం చెప్పను. లాన్వా గాయకుడిగా మామూలు గాయకుడు. గొంతులో లోతు ఉంది, పరిధి లేదు, రెండు మూడు పాటల్లో మాటలు పొగమంచులో పోయినట్టుంటాయి, ఆ పని వేరేవాళ్ళ ఆల్బమ్‌లో ఎవరైనా చేస్తే ఆయనే ఒప్పుకునేవాడు కాదేమో. ‘ఐస్’, ‘వేర్ ద హాక్‌విండ్ కిల్స్’ దగ్గర నాకు ఇప్పటికీ ధ్యాస జారుతుంది. ‘వైట్ మస్టాంగ్ టూ’ మాటల్లేని ముక్క, విడిగా వింటే ఏముంది ఇందులో అనిపిస్తుంది, వరసలో వింటే మాత్రం రెండు ఊళ్ళ మధ్య బస్సు కిటికీలోంచి చూసే చీకటిలా పనికొస్తుంది. ‘అండర్ ఎ స్టార్మీ స్కై’ మళ్ళీ ఫ్రెంచీ ఇంగ్లీషూ కలిసి గెంతే కేజన్ పాట, దానికి వివరణ అక్కర్లేదు, కాలు దానంతటదే ఆడుతుంది.

పెడల్ స్టీల్ గురించి అడిగారు. బల్లలా ఉండే వాయిద్యం, కూర్చుని తీగల మీద ఇనపకడ్డీ జార్చుతూ, కాళ్ళతో పెడల్ తొక్కి స్వరం వంచుతారు. మన చెవికి ఆ జారుడు గమకంలా తగులుతుంది, అందుకే కంట్రీ సంగీతం నచ్చని మనవాళ్ళకి కూడా అది నచ్చుతుంది. లాన్వాకి చిన్నప్పటి నుంచి వచ్చిన వాయిద్యం. 1983లో ఈనో, ఆయన తమ్ముడు రోజర్‌తో కలిసి చంద్రుడి మీదికి వెళ్ళినవాళ్ళ డాక్యుమెంటరీ కోసం ‘అపోలో’ చేసినప్పుడు అందులో వాడాడు, నేల మీది పశువుల కాపరుల వాయిద్యం తీసుకెళ్ళి ఆకాశంలో పెట్టడం. ఆకాడీకి బీజం అక్కడే పడిందని నా అనుమానం. ఆ వాయిద్యమే ఇష్టమైతే 2005లో ఆయన వేసిన ‘బెల్లడోనా’ వినండి, అందులో పాటలే ఉండవు.

వరస అడిగారు కాబట్టి: ఓ మారీ, జోలీ లూయీజ్, ద మేకర్, ఈ మూడూ ఒక రోజు. మర్నాడు మొదటి పాట ‘స్టిల్ వాటర్’ నుంచి చివరిదాకా ఆపకుండా, షఫుల్ నొక్కకుండా. రాత్రి పూటైతే మేలు. ఎల్పీ కొనాలా అన్నారు, ఇప్పుడే వద్దు, డబ్బులు ఉంచుకోండి. 2008లో గోల్డ్‌టాప్ ఎడిషన్ అని అదనపు పాటలతో మళ్ళీ వేశారు, అదీ తర్వాత చూడొచ్చు. ఫోను స్పీకర్లో మాత్రం వినొద్దు, ద మేకర్‌లో నేను చెప్పిన ఆ బేస్ దాంట్లో అసలు వినబడదు, మళ్ళీ వచ్చి ఏముంది ఇందులో అని నన్నే అడుగుతారు.